రెండో గాటు

మొదటి రోజు

మా ఎలుకల సాలలో ఏ లెక్కయినా పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది. పద్నాలుగేళ్ళుగా అదే అలవాటు కాబట్టి ఈ పుస్తకానికి కూడా తారీఖులు వెయ్యను. పొద్దున్న ఆరు గంటల పది నిమిషాలకి నా కూతురు లోవకుమారికి ఆడపిల్ల పుట్టింది. ఇది మొదటి రోజు.

బరువు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. రంగు తల్లిది. గొంతు ఎవరిదో తెలీదు గానీ, సముద్రంలో కాంక్రీటు కాళ్ళ మీద నిలబెట్టిన మా ఊరు మంచె ఆ చివరిదాకా వినబడుతోంది. మంత్రసాని చేతిలోంచి తీసుకోగానే ముందు చెవులు తిప్పి చూశాను. మా అల్లుడు అబ్బులు పగలబడి నవ్వాడు.

"అత్తయ్యా, అది ఎలక కాదండి బాబూ. గాటెట్టేత్తారేంటి?" అన్నాడు. ఉప్పు తీసే నీళ్ళ మిల్లులో పని వాడిది. నవ్వడానికి వాడికి పెద్ద కారణం అక్కర్లేదు.

గాటు సంగతి ఇక్కడ రాయాలి. సాలలో ఎలుకలకి పేర్లుండవు. చిన్న ఇనప పంచితో చెవి అంచున గాటు కొడతాం. కుడి చెవికి ఎన్ని గాట్లున్నాయో చూస్తే ఏ జట్టుదో తెలుస్తుంది, ఎడమ చెవి చూస్తే ఎన్నో కాన్పుదో తెలుస్తుంది. గూటికి కట్టిన చీటీ ఊడిపోవచ్చు, పుస్తకం తడిసిపోవచ్చు. చెవి మాత్రం చచ్చేదాకా ఉంటుంది. ఏడాదికోసారి మంచె పెత్తనం చూసే సభ వాళ్ళు వచ్చి పుస్తకం ముందు పెట్టుకుని చెవులు లెక్క చూసుకుని పోతారు.

పురుడు దగ్గరపడ్డ రోజుల్లోనే నేను ఎనిమిది రోజులు జ్వరంతో మంచం పట్టాను. నిండు కడుపుతో లోవే సాలకి వెళ్ళి మేత వేసింది, పొట్టు మార్చింది, తోకలు కొలిచింది. నిన్న మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యేదాకా వెళ్ళింది. కన్నకూతురని గొప్పలు పోవడం కాదు గానీ, ఎలుకని పట్టుకునే తీరులో దాని చేతులు అచ్చం నా చేతులే.

మూడో రోజు

ఇవాళ సాలకి వెళ్ళాను. ఒంట్లో ఇంకా నీరసంగానే ఉంది. ఎలుకలు నన్ను మరిచిపోలేదు. ఒకదాని తర్వాత ఒకటి గొట్టంలోకి దూరి తోక బయట పెట్టాయి. తోకని వెచ్చగా కాచి, చిన్న పట్టీ చుట్టి గాలి కొడితే అంకె వస్తుంది. మనిషికి జబ్బకి కట్టి చూసే బీపీయే ఇది కూడా. తేడా అల్లా ఎలుకకి కొత్త చెయ్యి తగిలితే అంకె ఎగిరి కూర్చుంటుంది. నూట ఎనభై ఉండాల్సింది రెండొందల ఇరవై చూపిస్తుంది. అందుకే ఈ సాలలో కొలిచే చేతులు రెండు జతలే, నావీ లోవవీ.

ఎందుకు కొలుస్తున్నామో మా మంచె మీద చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడ కుళాయిలు రెండు. ఒకటి సగం నీళ్ళది, అంటే ఉప్పు సగమే తీసినవి, ఎన్ని పట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. రెండోది తీపి నీళ్ళది, మనిషికి రోజుకి రెండు గ్లాసులు. సగం నీళ్ళలోని ఉప్పు కొందరిని ఏమీ చెయ్యదు. కొందరికి ముప్ఫయ్యేళ్ళకే బీపీ పెరిగి, నలభై దాటేలోపు కాలో చెయ్యో పడిపోతుంది. మా అమ్మకి మాటే పడిపోయింది. ఏడాదిన్నర పాటు నన్ను కళ్ళతోనే పిలిచి, ఆఖరికి అలాగే పోయింది.

అది చూశాకే ఈ పనిలో చేరాను. మా పెద్దాయన డాక్టర్ వాచస్పతి గారు. ఉప్పు తింటే బీపీ పెరిగే ఎలుకల వంశం ఒకటి, ఎంత తిన్నా పెరగని నెమ్మది వంశం ఒకటి తెచ్చి, రెండిటికీ సంబంధం కలిపి, వాటి మనవల్నీ మునిమనవల్నీ కొలిచాం. ప్రతి దాని బీపీ నేను రాశాను. ప్రతి దాని రక్తంలో జన్యువులు ఆయన చదివారు. పెరిగిన వాటన్నిటిలో ఏ ముక్క కలుస్తోందో చూసుకుంటూ వస్తే రెండో క్రోమోజోము మీద ఒక చోటు, పదో దాని మీద ఒకటి, పదమూడో దాని మీద ఒకటి దొరికాయి. ఆ మూడు చుక్కల పటం మా ఇద్దరి పద్నాలుగేళ్ళ కష్టం. వాటికి సాటి చోట్లు మనుషుల్లో ఎవరెవరికి ఉన్నాయో చూడ్డానికి మంచె మీద ఇంటింటికీ తిరిగి, పేర్లు లేకుండా నంబర్లతో రక్తం కూడా తీశాను. ఆయన రోజూ నా క్యారేజీలోదే తిన్నారు. మా ఇంట్లో చేపల పులుసు వండితే ఆయన గిన్నె వేరే తీసేదాన్ని.

పటం కన్నా నాకు ఇష్టమైనది కిందటేడు చేసిన పాల పరీక్ష. బీపీ పెరిగే వంశం పిల్లల్ని పుట్టగానే మూడు జట్లు చేశాం. మొదటి జట్టు సొంత తల్లి దగ్గరే సగం నీళ్ళ మీద పెరిగింది. పెద్దయ్యాక నూట ఎనభై. కుడి చెవికి గాటు లేదు. రెండో జట్టు కూడా సొంత తల్లి దగ్గరే, కానీ పాలిచ్చే ఇరవయ్యొక్క రోజులూ తల్లికి తీపి నీళ్ళే పోశాను. ఆ పిల్లలు పెద్దయ్యాక నూట ముప్ఫై ఎనిమిది. వాటికి ఒక గాటు. మూడో జట్టుని నెమ్మది వంశం తల్లుల పక్కలో వేశాం. నూట నలభై. వాటికి రెండు గాట్లు. రక్తంలో రాత ఏదైనా, ఆ ఇరవయ్యొక్క రోజుల పాలు మంచివైతే సగం గండం గడిచినట్టే. పాలిచ్చే తల్లులకి నాలుగు గ్లాసులు తీపి నీళ్ళు ఎక్కువ ఇవ్వండి చాలు. సభలో ఈ ఒక్క మాట చెబుదామని ఏడాది నుంచి కాచుకు కూర్చున్నాను.

వాచస్పతి గారు ఇవాళ నా చేతిలో పాపకని వెండి గిలక్కాయ పెట్టారు. "కాగితాలు సభకి పంపేశాను రత్నమ్మా. నీ పేరే పైన రాశాను" అన్నారు. నా పేరు నూకరత్నం. రత్నమ్మా అని పిలిచేది ఆయనొక్కరే. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు కూడా.

ఆరో రోజు

మైకులో సభ ప్రకటన వినబడినప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను.

"పాలతల్లి పథకం. నూకరత్నం గారి పరీక్షల్లో రుజువైన ప్రకారం, బీపీ జన్యువు ఉన్న తల్లుల బిడ్డల్ని ఇరవయ్యొకటో రోజున, జన్యువు లేని పాలతల్లులకి అప్పగించడమవుతుంది. పాలతల్లి ఇంటివారే బిడ్డకి పేరు పెట్టుకుంటారు. జాబితా త్వరలో."

ఇరవయ్యొకటో రోజు మా ఇళ్ళల్లో బారసాల. బియ్యంలో పేరు రాసే రోజు. ఎలుకపిల్లకి పాలు మాన్పించి తల్లి నుంచి విడదీసేదీ ఇరవయ్యొకటో రోజే. ఎవడో నా పుస్తకం ముందేసుకుని, అందులో ఎలుక అన్న చోటల్లా మనిషి అని రాసుకున్నట్టుంది.

గంట గడిచిందో లేదో పక్క వరుసలో ఉండే బుల్లెమ్మ వచ్చింది. దాని కోడలికి ఇప్పుడు ఏడో నెల. గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"రక్తం అడిగినప్పుడేం చెప్పేవే రత్నం? పేరు రాయరు, నంబరే ఉంటది అన్నావా లేదా?"

"అన్నాను వదినా."

"నీ మొహం చూసి ఇచ్చేం. ఆ డాక్టరెవడో మాకేం తెల్సు? నా కోడలు, నేను, మా ఆడపడుచు, అందరం చెయ్యి చాపేం. ఇప్పుడు ఆ నంబరుకి పేరెలా వచ్చింది?"

ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం వాచస్పతి గారి బీరువాలో ఉంటుంది. తాళం ఆయన మెళ్ళో ఉంటుంది. ఆరువందల నలభై మంది దగ్గర రక్తం తీసుకుంది మాత్రం నేను. ప్రతి గుమ్మంలోనూ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది నేను. బుల్లెమ్మ మా గడప మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. దాన్ని తప్పుపట్టను.

ఏడో రోజు

పొద్దున్నే ఆయన గదికి వెళ్ళాను.

"తల్లులకి తీపి నీళ్ళివ్వమని కదండీ మనం చెప్పింది? పిల్లల్ని మార్చమని ఎవరన్నారు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆరో మంచె కడుతున్నారు రత్నమ్మా. కాంక్రీటు కలపడానికి తీపి నీళ్ళే కావాలి, ఉప్పు నీళ్ళయితే లోపలి ఇనుము తినేస్తుంది. రెండేళ్ళ దాకా ఒక్క గ్లాసు కూడా ఎక్కువ దొరకదు. పాలతల్లయితే నీళ్ళ ఖర్చు లేదు."

"అయితే ఏది ముఖ్యమో సభ వాళ్ళే తేలుస్తారు. నా రెండో జట్టు లెక్క వాళ్ళ ముందు పెట్టండి."

"ఏ రెండో జట్టు?" అన్నారు.

నేను నవ్వాను. వేళాకోళం అనుకున్నాను. ఆయన పుస్తకం తీసి నా ముందుకి తోశారు. పాల పరీక్ష పేజీలు కొత్తవి, అంచులు తెల్లగా ఉన్నాయి. జట్లు రెండే. సొంత తల్లి దగ్గర పెరిగినవి ఇరవై నాలుగు. నెమ్మది తల్లి దగ్గర పెరిగినవి నలభై ఎనిమిది. తీపి నీళ్ళ మాట ఎక్కడా లేదు.

"నేను కొలిచానండీ. ఇరవై నాలుగు పిల్లల్ని, ఈ చేతుల్తో."

"జ్వరం బాగా కాసింది నీకు. అనుమానముంటే వెళ్ళి చెవులు చూసుకో" అన్నారు ఆయన, పాలు పితికే ఆవుతో మాట్లాడినంత మెల్లగా. పద్నాలుగేళ్ళు కలిసి పనిచేసిన మనిషి ఆయన. నా అన్నం తిన్న మనిషి. చెయ్యెత్తి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే కొట్టి ఉండాల్సిందనే అనిపిస్తోంది.

ఎనిమిదో రోజు

చెవులు చూశాను. గూడు గూడూ తిరిగి, ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఒక్క గాటు ఉన్న చెవి ఒక్కటి కూడా లేదు. గాటు లేనివి ఇరవై నాలుగు, రెండు గాట్లున్నవి నలభై ఎనిమిది. కాసేపు నాకే అనుమానం వచ్చింది, జ్వరంలో మతిపోయి కలగన్నానేమో అని.

తర్వాత వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఇరవై నాలుగింటికి మొదటి గాటు పాతది, అంచు గుండ్రంగా మాని బూడిద రంగుకొచ్చింది. రెండో గాటు అంచు పదునుగా, గులాబీ రంగులో ఉంది. కొన్నిటికి సన్నటి పక్కు కూడా ఉంది. గాటు కలపడం తేలిక, తీసెయ్యడం ఎవరి తరమూ కాదు. ఒకటిని రెండు చెయ్యడానికి అర నిమిషం చాలు. రెండు జట్లూ ఒకే వంశం కాబట్టి రక్తం చదివినా తేడా తెలీదు. సాక్ష్యం అంటూ ఏదైనా ఉంటే ఆ పక్కు ఒక్కటే. అది కూడా ఇంకో పది రోజుల్లో రాలిపోతుంది.

ఆ పని వాచస్పతి గారే చేశారనుకుని తిట్టుకుంటూ ఇంటికొచ్చేశాను.

తొమ్మిదో రోజు

జాబితా అంటించారు. కడుపుతో ఉన్నవాళ్ళతో కలిపి ముప్ఫై ఒక్క మంది తల్లులు. బుల్లెమ్మ కోడలు నాలుగోది. జనం వెనకాల నిలబడి కిందదాకా చదివాను. లోవకుమారి పేరు లేదు.

ముందు నా ప్రాణం లేచొచ్చింది. అది రాయకుండా ఎలా ఉంటాను? పక్కన బుల్లెమ్మ కోడలు కడుపు పట్టుకుని నేల మీద కూలబడి ఏడుస్తోంది. నేను మాత్రం లోపల్లోపల దణ్ణాలు పెట్టుకుంటున్నాను. సిగ్గుగా ఉంది.

ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతుంటే గుర్తొచ్చింది. లోవ నంబరు రెండువందల పన్నెండు. ఆ ఫలితం అచ్చయి వచ్చిన రోజు నేనే చూశాను. మూడు చోట్లలో రెండు దానికి ఉన్నాయి, నాకున్నవే. జాబితాలో ఉండి తీరాలి.

సాలకి మళ్ళీ పరుగెత్తాను. నేను జ్వరంతో ఉన్న ఎనిమిది రోజుల కొలతల కాగితాలు తీశాను. చెవి కోయించుకున్న ఎలుక రెండు మూడు రోజులు బెదిరిపోతుంది. కొత్త చెయ్యి కోసిందంటే ఇక చెప్పక్కర్లేదు, అంకెలు ఆకాశంలో ఉంటాయి. ఈ కాగితాల్లో నూట ముప్ఫై ఆరు, నూట నలభై, నూట ముప్ఫై తొమ్మిది. ఒక్కటీ ఎగరలేదు. వాచస్పతి గారు గూటి తలుపు తీస్తేనే కిచకిచమని మూలకి పోతాయి ఇవి. ఇంత నెమ్మదిగా వీటి చెవి కోయగల చేతులు మంచె మీద రెండు జతలే ఉన్నాయి. ఒక జత ఆ రోజుల్లో దుప్పటి కింద వణుకుతోంది.

పదకొండో రోజు

పురిటి స్నానం అయింది. లోవకి తల ఆరబెట్టి, సాంబ్రాణి పొగ వేశాను. పాప దాని పక్కలో నిద్రపోతోంది. అబ్బులు మిల్లుకి వెళ్ళాడు. అప్పుడు అడిగాను.

"రెండో గాటు నువ్వే కొట్టావా?"

అది తల ఎత్తలేదు. జుట్టు ముందుకి వేసుకుని చిక్కు తీసుకుంటూనే ఉంది.

"ఎవరు చెప్పేరు?"

"ఎలుకలు చెప్పాయి. ఒక్కటీ బెదరలేదు."

దువ్వెన పక్కన పెట్టింది. "నువ్వు ఒళ్ళు తెలీకుండా పడున్నావు. ఆయనొచ్చేరు. జాబితా చూపించేరు. నా పేరు ఏడోదమ్మా. చెవులు సరిచేస్తే నా పేరు కొట్టేత్తానన్నారు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఊరుకుంటావేంటి నువ్వు? సభలోకెళ్ళి అరుత్తావు. నువ్వరిచి ఇంటికొచ్చేసరికి నా పిల్ల ఇంకోళ్ళ ఒళ్ళో ఉంటది. నీకు లెక్క కావాలి. నాకు పిల్ల కావాలి."

"మిగతా ముప్ఫై ఒక్క మందివీ పిల్లలే కదే."

"వాళ్ళకీ అమ్మలున్నారు కదా. వాళ్ళనీ చూసుకోమను" అంది.

పాప కదిలింది. లోవ దాన్ని ఎత్తుకుని నా వైపు వీపు పెట్టి పాలివ్వడం మొదలెట్టింది. నేను సాంబ్రాణి గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. వాచస్పతి గారు చేసిందానికి ఒళ్ళు మండింది. ఇది వేరు. ఎలుకని ఎలా పట్టుకోవాలో, గుండె దడ తగ్గేదాకా వేలితో ఎలా నిమరాలో దానికి ఆరేళ్ళప్పుడు నేర్పింది నేను. ఆ నేర్పుతోనే నా నోరు మూసింది.

పద్నాలుగో రోజు

మూడు రోజులుగా ఇదే ఆలోచన. పక్కులు రాలిపోవడం మొదలైంది. ఇవాళ చూస్తే పదకొండు చెవులకే ఉన్నాయి.

సభకి చెవులు చూపిస్తే ఎవరు కోశారని అడుగుతారు. సభ లెక్క తారుమారు చేసినవాళ్ళకి శిక్ష గట్టు. ఒడ్డున ఉప్పుకట్టల మీద అయిదేళ్ళు ఒంటరిగా మట్టి మొయ్యాలి. లోవ గట్టుకి పోతే పాప మళ్ళీ పాలతల్లికే. నోరు మూసుకుంటే ముప్ఫై ఒక్క మంది. వాచస్పతి గారికి ఇదంతా తెలుసు కాబట్టే నా ఎదురుగా అంత నిదానంగా తిరుగుతున్నారు.

మధ్యాహ్నానికి ఒక దారి కనబడింది. నేనే కోశానని చెప్తాను. కొలిచిన మనిషే తారుమారు చేశానని ఒప్పుకుంటే ఆ పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లకపోతే పథకం నిలబడదు. పాత గాటూ కొత్త గాటూ పక్కపక్కన చూస్తారు కాబట్టి తీపి నీళ్ళ జట్టు ఉండేదని అందరికీ తెలుస్తుంది. నేను గట్టుకి పోతాను, నా పేరు మట్టిలో కలుస్తుంది. కలవనీ.

లోవకి చెప్పాను. "నువ్వు నోరు విప్పకు. అడిగితే నాకేం తెలీదను. అంతే చాలు." అది నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే.

పదిహేడో రోజు

వలల చావడిలో సభ. అధ్యక్షురాలు సుభద్రమ్మ గారు, పక్కన వాచస్పతి గారు. జనం కిక్కిరిసి ఉన్నారు. గూటిలో మూడు ఎలుకల్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఇవి తీపి నీళ్ళు తాగిన తల్లుల పిల్లలండి. సొంత తల్లి దగ్గరే పెరిగినవి. నేనే రెండో గాటు కొట్టి పాలతల్లుల జట్టులో కలిపేశాను. జట్టు పెద్దదైతే నా పేరు గట్టిగా వినబడుతుందని కక్కుర్తి పడ్డాను. చెవులు చూడండి. పాతదీ కొత్తదీ తెలుస్తాయి."

సుభద్రమ్మ గారు భూతద్దం తెప్పించుకుని చూశారు. ముగ్గురు సభ్యులు చూశారు. వాచస్పతి గారు మెల్లగా వెనక్కి తిరిగి జనంలో ఎవరికోసమో చూశారు.

"ఆ వారాల్లో సాలలో ఇంకెవరున్నారు?" అని అడిగారు సుభద్రమ్మ గారు.

లోవ లేచి నిలబడింది. పాప భుజం మీద ఉంది. నాకేం తెలీదండి అంటుందని నేను బల్ల కేసి చూస్తూ ఉండిపోయాను.

"నేనున్నానండి. నేను అప్పగించినప్పుడు ఒక్క గాటే ఉంది. తర్వాత అమ్మే కొట్టింది" అంది.

సరే, నేనడిగిన దానికన్నా కొంచెం ఎక్కువ చెప్పింది. పిల్ల కోసమే కదా అనుకున్నాను. కానీ అది కూర్చోలేదు.

"ఇంకోటి చెప్పాలండి. ఆ తీపి నీళ్ళ జట్టన్నదే అబద్ధం. పుస్తకంలో తీపి నీళ్ళని రాసుకునేది గానీ సగం నీళ్ళే పోసేది. ఆ అంకెలన్నీ కూర్చుని రాసినవే. నేను పక్కనుండి చూసేను. క్రోమోజోముల పటం మాత్రం వాచస్పతి గారు తనే సరిచూసుకున్నారండి. దాంట్లో అమ్మ చెయ్యి లేదు."

ఆ మాటలు దానివి కావు, వాచస్పతి గారివి. నా ఉపాయం ముందే ఆయనకి చేరిపోయిందన్నమాట. అప్పజెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పింది. పరీక్షకని ఆ ఇరవయ్యొక్క రోజులూ ఇంట్లో మేమందరం రోజుకి ఒక్క గ్లాసుతో సరిపెట్టుకుని, మిగతాది ఎలుకతల్లులకి పోశాం. అది కూడా తన గ్లాసు ఇచ్చింది.

"లోవా" అన్నాను. గట్టిగానే అన్నానట. అది నావైపు చూడలేదు.

పంతొమ్మిదో రోజు

సభ తీర్పు వచ్చింది. పాల పరీక్ష చెల్లదు, పాలతల్లి పథకం ప్రస్తుతానికి ఆపేశారు. తీపి నీళ్ళ మాట కల్పితం కాబట్టి దాన్ని ఇకపై ఎవరూ ఎత్తకూడదు. జన్యువుల పటం వాచస్పతి గారిది. నన్ను సాల నుంచి తీసేశారు, వలల చావడిలో వలలకి ముడులు వేసే పనికి వేశారు. గట్టుకి పంపాల్సింది గానీ, ముసలిదని దయ చూడమని వాచస్పతి గారే బతిమాలారట.

ముప్ఫై ఒక్క మంది పిల్లలూ తల్లుల దగ్గరే ఉంటారు. బుల్లెమ్మ దారిలో ఎదురైంది. దాని దృష్టిలో నేను పేరు కోసం దాని ఇంట పుట్టబోయే బిడ్డని అమ్మబోయిన మనిషిని. మొహం తిప్పుకుని పోయింది. పిలిచి నిజం చెబుదామనుకున్నాను. చెబితే లోవ గట్టుకి పోతుంది. చెప్పలేదు.

ఇరవయ్యొకటో రోజు

పాపకి అబ్బులు వాళ్ళ ఇంట్లో పేరు పెట్టారు; సభ అయిన రోజే లోవ పాపని తీసుకుని అక్కడికి వెళ్ళిపోయింది. నన్ను పిలవలేదు. పేరేమిటో అబ్బులు దారిలో చెప్పాడు, అది కూడా నేల చూపులు చూస్తూ. వాడు ఈమధ్య నవ్వడం లేదు.

నాలుగు గంటలకి లోవ మా ఇంటికొచ్చింది. పట్టుచీర మీదే ఉంది, కాళ్ళకి పసుపుంది. సాల బాధ్యత దానికే ఇచ్చారట. తాళాల కోసం వచ్చింది.

ఇచ్చాను. ఇవ్వకపోతే తలుపు పగలగొడతారు, ఎలుకలు బెదురుతాయి.

"లోవా, ఒక్క పని చెయ్యి. తీపి నీళ్ళ జట్టు మళ్ళీ పెట్టు. నా పేరు ఎత్తకు. ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాను.

"నీళ్ళు ఇవ్వరంటమ్మా. ఆ మాటే ఎత్తొద్దన్నారు. నెమ్మది తల్లుల జట్టు ఒక్కటే మళ్ళీ మొదలెట్టమన్నారు. అయిదు నెల్లలో లెక్క కావాలంట."

అయిదు నెలల్లో మళ్ళీ నూట నలభై వస్తుంది. రాక ఏమవుతుంది? అది నిజమే కదా. ఈసారి పుస్తకంలో వంకపెట్టడానికి ఏమీ ఉండదు. జాబితా మళ్ళీ గోడెక్కుతుంది.

"మరి ఆ పిల్లలో?" అన్నాను.

"మన పాప పేరు లేదు కదమ్మా" అంది. కోపంగా అనలేదు. నన్ను ఊరడిస్తున్నట్టు అంది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పిల్లల్ని ఒక తల్లి పక్కలోంచి ఇంకో తల్లి పక్కలోకి మార్చే పని ఎప్పుడూ నేనే చేసేదాన్ని, దానికి అలవాటు లేదు. చిన్న పుస్తకం తీసింది.

"పిల్లల్ని తీసేటప్పుడు తల్లి కరవకుండా ఏం చేసేదానివమ్మా?"

చెప్పకూడదనుకున్నాను. కానీ పిల్లల మీద మన చేతి వాసన తగిలితే తల్లి ఎలుక బెదిరిపోయి, ఒక్కోసారి తన పిల్లల్నే కొరికి చంపేస్తుంది. ఆ గూళ్ళల్లో ఉన్నవి నేను పెంచిన ప్రాణులు.

"ముందు దాని గూటిలో పొట్టు తీసి రెండు చేతులకీ బాగా రాసుకో. తన వాసనే వస్తుంది కాబట్టి తన వాళ్ళే అనుకుంటుంది. నీ చెయ్యి లోపలికి వచ్చినా కదలదు. పిల్లల్ని ఒక్కొక్కటే తీసుకో, చూస్తూ ఊరుకుంటుంది."

లోవ అంతా రాసుకుని, తాళాలు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.